గాలి తెచ్చిన జొన్నలు

నేను ఒక ఆనపకాయ బుర్రను. జహీరాబాద్ దగ్గర ఒక పందిరి మీద కాసి, ముదిరి, కూర కాకుండా తప్పించుకున్నాను. రాచమ్మ నా మెడ కోసి, గుజ్జు తీసి ఎండబెట్టింది. పచ్చజొన్న విత్తనాలు బూడిద కలిపి పోసి, మూతికి పేడ మెత్తి, ఉట్టి మీద పెట్టింది. ముప్పయ్యొక్క ఏళ్లు అక్కడే ఉన్నాను.

నేను ఉట్టి ఎక్కిన ఏడే గొడవ జరిగింది. ఒక పెళ్లిలో రాచమ్మ చేసిన జొన్నరొట్టె గట్టిగా ఉందని ఆమె తోడికోడలు తుల్జమ్మ నలుగురిలో అన్నది.

"ఆ ఇంటి గింజ నా చేన్ల పడితే నా చెయ్యి ఇరగాలె!" అని రాచమ్మ ఒట్టు పెట్టుకుంది.

ఊరు రెండయింది. ఊరి మధ్య సందుకు ఇటువైపు వాళ్లు నాలోంచి విత్తనం తీసుకెళ్లేవారు. అటువైపు వాళ్లకు తుల్జమ్మ బుట్ట ఉంది. ఆ రొట్టె తిన్నవాళ్లలో ఇప్పటికి సగం మంది వయసు మీరి చనిపోయారు. ఒట్టు మాత్రం బతికే ఉంది.

మూడేళ్ల కిందట నా మూతి పగిలి పురుగు పట్టింది. సగం విత్తనం పిండయింది. రాచమ్మ ఎవరికీ చెప్పలేదు. పిండిని పెంటకుప్పలో పోసింది. పెంటకుప్ప రెండు పక్షాలకూ ఒకటే. నాలుగో రోజు తెరిచి చూస్తే నేను నిండుగా ఉన్నాను. రాచమ్మ ఎవరినీ అడగలేదు. విత్తింది.

ఆ పంట నాలో చేరాక ఒక శాస్త్రవేత్త వచ్చి నలభై మూడు ఇళ్లలో విత్తనం తీసుకెళ్లింది. ఏడాదికి ఫలితం తెచ్చి, బడి వరండాలో ఊరిని కూర్చోబెట్టింది. రాచమ్మ నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"మీ పచ్చజొన్నలో రెండు వంశాలున్నాయి. నేల కారణం కాదు, నీరు కాదు. సరిగ్గా ఈ సందు దగ్గర విడిపోతున్నాయి. ఎందుకో మాకు అర్థం కాలేదు."

"రొట్టె, మేడం," అన్నాడు వెనక నుంచి ముసలి కిష్టయ్య. "గట్టిగ ఉండె."

ఆమె రాసుకుంది. తర్వాత కొట్టేసింది.

"ఒక్క బుర్రలో మాత్రం రెండూ సగం సగం ఉన్నాయి. రాచమ్మగారిది."

ఊరంతా రాచమ్మ చెయ్యి వైపు చూసింది. ఆమె దాన్ని కొంగులో దాచుకుంది.

"గాలికి కలిసినయేమో మేడం," అన్నది.

"గాలికి కొంచెం కలుస్తాయమ్మా. సగం కలవవు."

అందరూ తుల్జమ్మ వైపు తిరిగారు. ముప్పయ్యొక్క ఏళ్లుగా ఎదురుచూసిన అవకాశం ఆమె చేతిలో ఉంది. ఆకుపచ్చ గాజులు పైకి తోసుకుని లేచి నిలబడింది.

"గాలే మేడం. ఆ యేడు గాలి మస్తు కొట్టింది. మా కొట్టం మీది రేకు సుత లేసిపోయింది."

"అవును," అన్నది రాచమ్మ. "ఆ రేకు నేను సూసిన."

"నేను సుత సూసిన," అన్నాడు కిష్టయ్య. అతనికి రెండు కళ్లూ సరిగ్గా కనబడవు.

ఆ సాయంత్రం తుల్జమ్మ మా ఇంట్లో ఉట్టి కింద కూర్చుని, "ఇప్పటికీ గట్టిగనే ఉన్నదక్కా," అంటూ రెండు రొట్టెలు తిన్నది.

ప్రస్తుతం నేను నగరంలో, విత్తనాలు దాచే చల్లని గదిలో ఉన్నాను. నా మీద చీటీ అంటించారు: "మిశ్రమ విత్తనం. కారణం: గాలి."

చీటీలో రాయనిది నేను చెబుతాను. ఆ గాలి మిట్టమధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు వచ్చింది. ఉట్టి అందక పీట వేసుకుంది. కొంగులోని జొన్నలు నాలో పోసి, మూతికి మళ్లీ పేడ మెత్తింది. చేతికి ఆకుపచ్చ గాజులున్నాయి.