నడిమి సాలు

మిరపచేలో కరీమున్ నడిమి సాలు పట్టి కోస్తోంది. కుడి సాల్లో రెబ్కా, ఎడమ సాల్లో శ్రీరమ్య. కరీమున్‌కు అరవై దాటాయి. చీర మీద మగవాళ్ల పాత చొక్కా, తలకు తువ్వాలు, వేళ్లకు గుడ్డపీలికలు. పండుకాయను తొడిమతో తుంచి ఒడిలో వేస్తోంది. ఎన్నో ఏళ్లుగా ఈ ఆడకూలీల ముఠాకు ఆమే మేస్త్రి.

ఒకరు వెనకబడితే పక్కసాళ్లవాళ్లు చెయ్యి చాపి కోసిపెట్టడం, అందరూ ఒకేసారి గట్టెక్కడం ఈ ముఠా పద్ధతి. కిందటి ఓట్ల రోజున అది కాస్తా మంటగలిసింది. బూత్ దగ్గర మాటామాటా పెరిగి, శ్రీరమ్య మొగుడు విసిరిన రాయికి రెబ్కా తమ్ముడి తల పగిలింది. వాడికి కుట్లు, వీడికి జైలు. రెండు పార్టీల నాయకులు మాత్రం పెళ్లిళ్లలో ఒకే బంతిలో కూర్చుని భోంచేస్తున్నారు, అది వేరే సంగతి. రెబ్కా వీధి ఆడవాళ్లు, శ్రీరమ్య వీధి ఆడవాళ్లు ఎడమొహం పెడమొహంగా మిగిలారు. ఆ తర్వాత అందరూ కలిసి చేలో దిగడం ఇవాళే.

చేలో గొడవపడితే రేపు బయటి ముఠాను దింపుతానని రైతు కోటేష్ పొద్దున్నే తేల్చేశాడు. ఎందుకొచ్చిన తంటా, ఒక వీధివాళ్లనే తెచ్చుకోమని కూడా అన్నాడు.

"నా ముఠా ఒకటే బాబూ. వస్తే అందరం వస్తాం, లేకపోతే ఎవరం రాం," అంది కరీమున్.

అందే గానీ, నిజంగానే ఎవరూ రాకుండా పోతారేమోనని భయం. బతుకులో ఆమె కూడగట్టుకున్నది ఈ ముఠా ఒక్కటే.

పొద్దెక్కేసరికి ఆమె వెనకబడింది. పక్కవాళ్లిద్దరూ చూశారు. చెయ్యి చాపితే అవతలిదాని మొహం చూడాల్సి వస్తుందని ముందుకు సాగిపోయారు. కరీమున్ పిలవలేదు. కాసేపు నిలబడి, అలాగే సాల్లో కూలబడింది. అప్పుడు ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు. చెరో భుజం పట్టి ఆటో దాకా మోశారు. ఒకరితో ఒకరు ఒక్క మాటా అనుకోలేదు. ముఠాలోనే ఉన్న కరీమున్ కోడలు వెంట వెళ్లింది.

మిగతావాళ్లు మళ్లీ కోతకు దిగారు. అన్నాల వేళకు కోటేష్‌కు ఫోనొచ్చింది. ఆస్పత్రి దాకా కూడా పోలేదట, దారిలోనే ప్రాణం పోయింది. ఆడవాళ్లు ఏడ్చారు. కోటేష్ ఇళ్లకు వెళ్లమన్నాడు. ఎవరూ కదల్లేదు. సాళ్లన్నీ గట్టుకు చేరాయి, నడిమి సాలు ఒక్కటే సగంలో ఆగిపోయి ఉంది.

శ్రీరమ్య కొంగుతో ముక్కు తుడుచుకుని అందులోకి దిగింది. రెబ్కా కాసేపు చూసి, తనూ వెనకే వెళ్లింది.

"ఇటు కొమ్మలు నేను చూస్తా. అటు నువ్వు కొయ్యి," అంది శ్రీరమ్య.

రెబ్కా కొయ్యడం మొదలుపెట్టింది. రెండు చెట్లు దాటాక తలెత్తకుండానే అంది.

"పొద్దున్నే ఆమె సాలు అందుకోవాల్సింది మనం."

శ్రీరమ్య తర్వాతి చెట్టుకు వంగింది. చెట్టు మొదట్లో కరీమున్ తెచ్చుకున్న, తడిగుడ్డ చుట్టిన కూల్‌డ్రింకు సీసా పడి ఉంది, సగం నీళ్లతో.