కుమిస్ పీపాకి పందిరి

నర్సు జూరాకి ఒళ్ళు మండిపోయింది. కొండ కింద ఆసుపత్రి నుంచి ఈ గుర్రాల కాపరుల గుడారానికి రెండు గంటలు గుర్రమెక్కి వచ్చింది, పసివాడికి టీకా వెయ్యడానికి. వాడి తల్లి సైకల్ మొహం చూసేసరికి చెయ్యి ఆగిపోయింది. బుగ్గల మీదా నుదుటి మీదా గోధుమరంగు మంగు. అది కడుపుతో ఉన్నప్పుడే వచ్చింది, జూరాకి తెలుసు. ఇప్పుడు చర్మం ఊడి పచ్చిపుండులా ఉంది.

"ఏం పూశావే?"

సైకల్ తల వంచుకుంది. అత్త ముందు నోరు విప్పే కోడలు కాదు. అత్త అనార్కులే చెప్పింది: "గుర్రప్పాలు పులిసిన కుమిస్‌తో కడిగి ఎండలో కూర్చోబెట్టా. పులుపుకి మచ్చ విరుగుతుంది. దానికి కాలేయం చెడింది, అదే పైకొచ్చింది."

"కాలేయమా, నా తలకాయా! పులుపు పూసి ఎండలో పెడితే కాలక ఏమవుతుంది? ఇంకేం పూశావో చెప్పవే."

సైకల్ పరుపుల దొంతర కింద నుంచి ఓ డబ్బా తీసింది. పేరు లేదు, ఊరు లేదు. సంతలో కొన్నదట.

"వచ్చే నెల చెల్లి పెళ్ళి అక్కా. ఈ మొహంతో ఎలా వెళ్ళను?"

"ఇందులో పాదరసం ఉందో, ఇంకే విషం ఉందో! పిల్లాడు నీ మొహం తడిమి ఆ వేళ్ళే నోట్లో పెట్టుకుంటాడు కదే!"

సైకల్ డబ్బా ఇచ్చేసింది. "మరి ఎప్పటికి పోతాయి?"

ఇక్కడే జూరాకి విసుగు. అబద్ధం చెప్పేవాడి సరుకు కొంటారు, నిజం చెప్పేదాన్ని తిడతారు.

"పెళ్ళిలోగా పోవు. ముందు పుండు మానాలి. ఎండ తగలకుండా టోపీ, ఎండ క్రీము వాడితే నెలల మీద పలచబడతాయి. ఎండ ఆపకపోతే ఏ మందైనా బూడిదలో పన్నీరే. మధ్యాహ్నం బయటికి రాకు."

అనార్కుల్ నవ్వింది. "రాకపోతే గుర్రాల పాలు? రెండు గంటలకోసారి పితకాలి. నువ్వు పితుకుతావా?"

జూరా గుడారం బయటికి చూసింది. కుమిస్ పీపా మీద టార్పాలిన్ పందిరి.

"పీపాకి నీడ వేశారే!"

"లేకపోతే కుమిస్ చెడదూ?"

"కోడలు మాత్రం చెడొచ్చు!"

"నాకెవడు వేశాడు నీడ?" అనార్కుల్ బుగ్గల దాకా కప్పిన తలగుడ్డ లాగేసింది. ఆమె బుగ్గల మీదా అవే మచ్చలు, ముదిరి నల్లబడ్డవి. "ముప్పై వేసవులు పితికా. ఒక్కరడిగారా?"

"నీకు వెయ్యలేదని దీనికీ వద్దా వదినా?"

బయట గుర్రాలు సకిలించాయి. మధ్యాహ్నం పాల వేళ. సైకల్ అలవాటుగా బకెట్ ఎత్తింది, మళ్ళీ కింద పెట్టేసింది.

"ఇప్పుడు పితకను అత్తా. ఎండ వాలాక పితుకుతా."

అనార్కుల్ బకెట్ వంక చూసింది. కోడలి వంక చూసింది. తర్వాత బకెట్ లాక్కుని ఎండలోకి నడిచింది. పది అడుగులు వేసి ఆగి, గడ్డిలో పడుకున్న కొడుకు మీద అరిచింది.

"లేవరా మొద్దూ! ఆ టార్పాలిన్ పీకి గుర్రాల దగ్గర కట్టు!"

"మరి పీపా ఎక్కడ పెట్టనమ్మా?"

"నీ నెత్తిన పెట్టుకో!"