గరుడుడు దిగిన తాళం

తెనాలిలో రామబ్రహ్మం మాస్టారంటే తాళం తప్పని మనిషని పేరు. ఆయన దగ్గర కూచిపూడి నేర్చిన పిల్ల ఎగిరి దిగిందంటే గజ్జె మోగాలి, నేల అదరాలి. మెత్తగా దిగితే, పిల్లి నడకలు మీ ఇంట్లో నడుచుకో తల్లీ అని దెప్పేవాడు.

ఆ అదురే చివరికి ప్రమీలారాణి కాలి మీదికొచ్చింది. ఆమె కొలకలూరు టీచరు కృపారావు గారి కూతురు. డాక్టరు ఎక్స్‌రే చూసి, మోకాలి కింది ఎముక బాగా అలిసిపోయింది, మడమ మీద ఇంకోసారి గట్టిగా దిగితే చిట్లినా చిట్లొచ్చు అన్నాడు. ముందు మునివేళ్ళు ఆనాలి, తర్వాత మడమ, ఆ వెంటే మోకాళ్ళు వంగాలి. విసురంతా తొడలు మోయాలి గానీ ఎముక కాదు. కూతురి చేత నృత్యనాటిక మాన్పిస్తానని కృపారావు పట్టుబట్టాడు. బాపట్ల పోటీలు నెత్తి మీదున్నాయి, గరుడుడి వేషానికి ఇంకో పిల్ల లేదు.

"అమ్మాయి కాలికి నాదండి పూచీ," అన్నాడు మాస్టారు.

అన్నాడే గానీ ఆ రోజు నుంచి ఆయనకు కంటి మీద కునుకు లేదు. వారం పాటు తాళాలు పక్కన పెట్టి, నోటితో లెక్క చెబుతూ మెత్తగా దిగడం నేర్పాడు. పిల్ల చక్కగా పట్టుకుంది. ఇక ఫరవాలేదనుకున్నాడు.

బాపట్లలో నాటిక మొదలైంది. మొదటి గంతులోనే ఏడుకొండలు మృదంగం మీద దెబ్బ వేశాడు, మాస్టారి చేతిలో తాళాలు ఖంగుమన్నాయి, ప్రమీలారాణి మడమ బల్ల మీద దభీమని పడింది. ముఖం నవ్వుతూనే ఉంది గానీ కింది పెదవి పంటి కింద నలిగిపోతోంది.

మాస్టారికి అప్పుడర్థమైంది. దెబ్బ వినపడితే చాలు, ఆ మడమ దానంతటదే పడుతుంది. ఏళ్ల తరబడి ఆ అలవాటు చేసింది తనే. వారం రోజుల నోటి లెక్క దాన్ని మాన్పుతుందనుకోవడం ఎంత తెలివితక్కువ!

అసలు గంతు ముందుంది. అమృత కలశంతో గరుడుడు నడుమెత్తు పీట మీంచి దూకాలి. కేకేసి ఆపుదామంటే ఉలిక్కిపడి ఎలా పడుతుందో తెలియదు. ముందు వరుసలో న్యాయనిర్ణేతలు తొడల మీద తాళం వేస్తున్నారు. వాళ్ళ వెనకే చీరాల నాట్య మాస్టారు బాబూరావు, ఈయన ఎప్పుడు తప్పుతాడా అని ఎన్నేళ్ళుగానో కాచుక్కూర్చున్నవాడు. ఓ పక్కన కృపారావు కుర్చీ అంచు మీద ఉన్నాడు.

ప్రమీలారాణి పీటెక్కింది. పాట ఆగింది. ఆమె గాల్లోకి లేచింది.

మాస్టారు తాళాలు రెండూ ఒక గుప్పిట్లో బిగించి, రెండో చేత్తో ఏడుకొండలు మణికట్టు పట్టేసుకున్నాడు.

హాలంతా నిశ్శబ్దం. మునివేళ్ళు ఆనాయి. మడమ వాలింది. మోకాళ్ళు వంగాయి. గజ్జెలు సన్నగా గలగలమన్నాయంతే.

మళ్ళీ తాళం అందుకునేసరికి జనంలో నవ్వులు మొదలయ్యాయి. బహుమతి ఎలాగూ రాలేదు. తెర వెనక్కి బాబూరావు పనిగట్టుకుని వచ్చాడు.

"పెద్దవారయ్యారు మాస్టారూ."

"అవునండి," అన్నాడాయన. తల కొట్టేసినట్టయింది.

ప్రమీలారాణి కళ్ళ నిండా నీళ్ళు, కోపం. "చివర్లో తాళం వదిలేశారేంటి మాస్టారూ?"

ఆయన నేల మీద చతికిలబడి, ఆమె పాదం ఒళ్ళోకి తీసుకున్నాడు. గురువు తన కాలు పట్టుకోవడమేంటని ఆ పిల్ల బెదిరిపోయి వెనక్కి లాక్కోబోయింది. ఆయన వదల్లేదు. ఎముక పొడవునా వేలితో నొక్కుకుంటూ వచ్చాడు.

"నొప్పుందా అమ్మా?"

"మొదటి గంతుకి కలుక్కుమందండి. తర్వాత లేదు."

ఆయన తల వంచుకుని ఆమె గజ్జెలు తన చేతులతోనే విప్పసాగాడు.