దారి పొడవునా నీలం చుక్కలు

ఆ నిక్కర్ని వాషింగ్ మిషన్లో వెయ్యకూడదు. చన్నీళ్ళలో చేత్తోనే ఉతకాలి, గట్టిగా పిండకూడదు, నీడలో ఆరెయ్యాలి. కూర్చునే చోట మెత్త ఉంటుంది లెండి, అది చెడితే అయ్యగారికి నొప్పి. కొన్నరోజే ఉదయ్ భాస్కర్ భార్యకి ఇవన్నీ విడమర్చి చెప్పాడు. ఇరవయ్యొక్కేళ్ళ కాపురంలో ఆమెకెక్కడ నొప్పో అడిగినట్టు మాత్రం గుర్తులేదు. ఆదివారం ఆదివారం బరంపురం నుంచి గోపాల్‌పూర్ దాకా సైకిళ్ళు తొక్కొచ్చే ఆరుగురు మగాళ్ళలో అతనొకడు. వాళ్ళు తొక్కుతారు. నాలుగింటికే లేచి గుడ్లుడకబెట్టి, సీసాల్లో నిమ్మకాయ నీళ్ళు నింపి, వాళ్ళొచ్చేసరికి ఇడ్లీ, అల్లప్పచ్చడి సిద్ధం చేసేది వాసవీకుమారి.

అయినా ఇవాళ ఆ నిక్కరు ఉతుకుతుంటే ఆమెకి చిరాకు రాలేదు. ఇలాంటిదొకటి తనకీ కొనుక్కోవాలి, ఏ సైజు సరిపోతుందో అని నడుం దగ్గర పెట్టి చూసుకుంది కూడా. ఫిబ్రవరికి ఇంకెంత, రెండు నెలలు.

దసరాలప్పుడు అతనే అన్నాడు. "ఫిబ్రవరిలో వియత్నాం ఎల్దామే, సైకిళ్ళ మీద. హుయే, న్యా ట్రాంగ్ అని రెండూళ్ళున్నాయట, ఆటి మజ్జిన పది రోజులు. నీకు మేపులు బాగా తెలుసు గదా, రూటు నువ్వే సూడు." తన పాస్‌పోర్టుతో పాటు ఆమెదీ తీయించాడు. ఇంకేం అడుగుతుంది? అడిగితే ఆశపడుతున్నట్టు కనబడుతుందని భయం. పాత్రపూర్‌లో పెరిగింది వాసవి, హైస్కూలుకి సైకిల్ మీద వెళ్ళిన మొదటి ఆడపిల్ల. పెళ్ళయిన వారానికే అత్తగారు సత్యభామ ఆ సరదా తీర్చేసింది. "ఇంటి కోడలు రోడ్డు మీద కాళ్ళాడించుకుంటా ఎల్తే నలుగురూ ఏటనుకుంటారు?" ఆవిడ ఆ మాట అన్నప్పుడు ఉదయ్ భాస్కర్ పక్కనే పేపరు చదువుకుంటున్నాడు. ఇప్పుడావిడ లేదు. రెండు నెలలుగా అతను ఆఫీసుకి వెళ్ళాక వాసవి అతని పాత సైకిల్ డాబా మీదికెక్కించి, ఆరేసిన బట్టల మధ్య నుంచి నలభై చుట్లు తిరిగి, పది గంటలకి తను పని చేసే కాలేజీ ఆఫీసుకి పరిగెడుతోంది. మోకాళ్ళు సలుపుతాయి. ఆ సలుపంటే ఆమెకి ఇష్టం.

రూటంతా ఆఫీసులో లంచ్ బాక్సు పక్కన పెట్టుకుని ఫోన్లో గీసిందే. ఆ నెలల్లో గాలి ఉత్తరం నుంచి వీస్తుందని, వీపు మీద తగిలేట్టు పైనున్న హుయే నుంచి కిందికి దారి వేసింది. దనాంగ్ ఊరికి ముందున్న సొరంగంలోకి సైకిళ్ళని రానివ్వరని తెలిసి, కొండ మీదుగా తిప్పింది. ఎక్కడ నీళ్ళు దొరుకుతాయి, ఎక్కడ పంచరు వేస్తారు, ఎక్కడ లారీలు ఎక్కువ, అన్నీ రంగు రంగుల గుర్తులు.

నీలం చుక్కలు వేరు. అవి పెట్టడానికే నెల పట్టింది. కాలేజీ ఆఫీసులో ఆడవాళ్ళ బాత్రూమ్ తాళం పెద్ద గుమస్తా సొరుగులో ఉంటుంది. అందరి ముందూ వెళ్ళి అడగాలి. రెండోసారి అడిగితే ఆయన గడియారం చూసి ఒడియాలో "పుణి?" అంటాడు, మళ్ళీనా అని. అంచేత పదింటి నుంచి అయిదింటి దాకా ఆమె గొంతు తడుపుకోదు. రెండుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షనొచ్చింది. నీళ్ళు బాగా తాగాలమ్మా అంది డాక్టరమ్మ, ఏదో సుళువైన పని చెప్పినట్టు. అందుకే ఫోన్లో ఆ దేశపు వీధుల ఫొటోలు ఒక్కొక్కటే జరుపుకుంటూ, శుభ్రంగా కనబడే పెట్రోలు బంకులు, కాఫీ హోటళ్ళు వెతికింది. అక్కడ కుడివైపు పోతారు కాబట్టి రోడ్డు దాటక్కర్లేకుండా కుడిపక్కవే ఎంచింది. కొన్నిటి కోసం దారిని ఊళ్ళలోకి మళ్ళించింది. యాభై మూడు చుక్కలు. ఆ పది రోజులూ కడుపునిండా నీళ్ళు తాగొచ్చు అనుకుంటే ఆమెకి ఏడుపొచ్చినంత పనయింది.

నిక్కరు ఆరేసి హాల్లోకి ఇడ్లీలు తెచ్చేసరికి, ఆమె ఫోన్‌కి కలిపిన టీవీ తెర నిండా ఆమె గీసిన దారి. ఆరుగురూ చూస్తున్నారు.

"ఉదయ్ భాయీ, రూటు అదరగొట్టీసావు!" అన్నాడు వాళ్ళలో ఒకడు, రవికాంత్.

ఉదయ్ భాస్కర్ కాదనలేదు. పచ్చడి వేసుకుంటూ, "వాసవీ, ఈ నీలం సుక్కలేటి?" అన్నాడు.

ఆరుగురు మగాళ్ళ ముందు చెప్పాల్సొచ్చింది. "బాత్రూములండీ. ఆడవాళ్ళకి."

అందరూ ఒకేసారి నవ్వారు.

"ఆడోళ్ళెవులున్నారే మాలోన? తీసీ, తీసీ. మగోళ్ళకి రోడ్డు పొడుగునా అదే గదా!" అన్నాడు ఉదయ్ భాస్కర్.

ఆమె సాంబారు గిన్నె కింద పెట్టింది. "టికెట్లు తీశారా?"

"మొన్ననే తీసీసాం. ఆరు."

"మరి నా పాస్‌పోర్టు..."

"అదా? ఎప్పుడో మనిద్దరం సింగపూర్ ఎల్దామని." అప్పటికి గాని అతనికి వెలగలేదు. "నువ్వొస్తావనుకున్నావేటి? సైకిల్ మీద?" రవికాంత్ కేసి చూసి కన్ను గీటాడు.

సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. మోసం చేసింది అతను, సిగ్గేమో తనకి. ఫోన్ తీసుకుని అక్కడే నిలబడి చుక్కలు తీసేసింది. టీవీ మీద ఒక్కొక్కటీ మాయమవుతుంటే వాళ్ళు ఇడ్లీలు తింటూ చూశారు. ఊళ్ళలోకి మళ్ళిన దారి సర్దుకుని తిన్నగా హైవే ఎక్కింది.

"సూసినావా, ముప్పై రెండు కిలోమీటర్లు తగ్గిపోనాయి," అన్నాడు ఉదయ్ భాస్కర్ సంతోషంగా.

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టేసింది. ఇన్నేళ్ళలో ఎన్నో కాదన్నారు, ఏడ్చి ఊరుకుంది. ఈసారి ఎవరూ కాదనను కూడా లేదు. వాళ్ళ లెక్కలోనే తను లేదు.

"వదినగారూ, ఓ సాయం," అన్నాడు రవికాంత్. "ఆ పది రోజులూ మీరు ఫోన్లో ఉండి దారి సెప్తే బాగుణ్ణు. రోజూ నాలుగున్నరకే బయల్దేరతాం."

"ఉంటాదిలే," అన్నాడు మొగుడు. "సెలవు పెట్టీ, వాసవీ."

"పెట్టాను. పోయిన నెలే. మంజూరైంది కూడా."

"అదీ! మరింకేటి."

"ఆ పది రోజులూ నేను ఇంట్లో ఉండనండీ."

ఉదయ్ భాస్కర్ పళ్ళెం పక్కన పెట్టాడు. "ఎక్కడికెల్తావేటి?"

ఆమె ఆలోచించింది, నిజంగానే. పాత్రపూర్‌లో అన్నయ్య గుమ్మంలోనే బావగారేరీ అంటాడు. స్నేహితురాళ్ళ ఇళ్ళలో స్నేహితురాళ్ళ మొగుళ్ళుంటారు. చూడని దేశంలో ఆరువందల యాభై కిలోమీటర్లు, మలుపు మలుపూ చెప్పగలదు. ఒక్కతీ వెళ్ళి, ఎవరికీ జవాబు చెప్పకుండా పది రోజులుండగల చోటు మాత్రం ఈ చుట్టుపక్కల ఒక్కటీ తోచలేదు.

"తెలీదు," అంది. "ఫోన్ మాత్రం చెయ్యకండి."