ఇసిద్రో వాన, మా మట్టిగోడ

ఆ ఏడు మా ఊరి చర్చి బాగోగులు నాకూ, నా భార్య క్లెయోఫాస్‌కూ అప్పగించారు. న్యూ మెక్సికో కొండల్లో చిన్న ఊరు మాది. చర్చి మట్టి ఇటుకలది. మా నాన్నల కాలంలో దానికి సిమెంటు పూత పూస్తే, లోపల చెమ్మ చిక్కుకుని ఇటుకలు మెత్తబడ్డాయి. ఆ పూత ఊడగొట్టి, పాత పద్ధతిలో గడ్డి కలిపిన మట్టే మెత్తుదామని నేను పట్టుబట్టాను.

నా బావమరిది ఒనోఫ్రే పట్నంలో సిమెంటు మేస్త్రీ. "సరే బావా, నీ ఇష్టం. ఒక్క వానకు నీ మట్టి జారిందా, మళ్ళీ సిమెంటే!" అన్నాడు. ఊరు ఆ మాటకే ఒప్పుకుంది.

మగవాళ్ళం మట్టి తొక్కి అందించాం. ఆడవాళ్ళు అరచేతులతో మెత్తి, గొర్రెతోలుతో నునుపు చేశారు. లిబ్రాదా పిన్ని నిచ్చెన మీంచి కేకలు: "అది గోడే తల్లీ, రొట్టె కాదు! గట్టిగా అదుము!"

పడమటి గోడ పచ్చిగా ఉండగానే సాన్ ఇసిద్రో పండగ వచ్చింది. బతికున్నప్పుడు పొలం కూలీ, ఇప్పుడు రైతులకు వానలిచ్చే పునీతుడు. ఆయన బొమ్మను చేలవెంట ఊరేగిస్తూ అందరూ వానకోసం పాడుతున్నారు. కాలువ ఎండింది, చిక్కుడు మొలక వాడింది. నేను మాత్రం పాట వదిలి, మాటిమాటికీ చర్చి వైపు చూస్తూ నడిచాను. వాన వద్దనడం పాపం. కావాలనడం అబద్ధం.

"నోరు మెదపవేం? నీ మనసులో మాట ఆయనకు తెలియదనుకున్నావా?" అని క్లెయోఫాస్ నవ్వింది.

చర్చికి తిరిగొచ్చామో లేదో, కుండపోత! బొమ్మను గుమ్మంలో దించి లోపలికి పరిగెత్తాం. వెలిశాక చూస్తే, పడమటి గోడ మీది మట్టి సగం జారి కిందపడి ఉంది. అందరూ ఒనోఫ్రే వైపు చూశారు.

అతను కాసేపు గోడనూ, మట్టి కుప్పనూ చూశాడు. పండగ చొక్కా విప్పి క్లెయోఫాస్ చేతికిచ్చాడు. వంగి ముద్ద తీసి గోడకు కొట్టాడు.

"మరి సిమెంటో?" అన్నాను.

"అది రాలితే పట్నం పోయి బస్తా తేవాలి. ఇదెక్కడికి పోయింది బావా, కాళ్ళ దగ్గరే ఉందిగా! మాటలాపి గడ్డి తే."

పండగ బట్టలతోనే అందరూ దిగారు. చేలల్లోంచి తడి వాసన వస్తోంది. గుమ్మంలో ఇసిద్రో బొమ్మ చెంప మీద మట్టి చింది ఉంటే రుమాలు తీశాను.

"తుడవకు," అంది లిబ్రాదా పిన్ని. "ఆయనా పనిచేసినవాడే."