ఒక చెంప అరిగిన పన్ను

ఈ రెండో గేరుకు పన్ను వంపంతా మళ్ళీ ముక్కలు చెయ్యడం దేనికి, సగం పన్ను చేసి అద్దంలో బొమ్మలా రెండో పక్కకు తిప్పేస్తే సరిపోదూ, గేరు పన్నుకు రెండు చెంపలూ ఒకటేగా, మొదటి గేరప్పుడు ఈ తెలివి ఏమైందో, మెషీనుకు గీతలూ ఆర్కులూ తప్ప వేరే వంపు తలకెక్కదని, స్కాన్ చేసిన బొమ్మ వెంటే వెంట్రుకవాసి తేడా లేకుండా ఆర్కులు పేర్చాను, దారుణ్ మంగా దారుణ్ అని బెంగాలీలో మెచ్చుకున్నాడు పక్క సీటు సంజయ్‌దా, ఇదిగో తిప్పాను, ఇదేమిటి, స్కాన్ బొమ్మతో కలవట్లేదే, ఎడమ చెంప నిండుగా ఉంది, కుడి చెంప లోపలికి పోయింది, మౌసు జారిందేమో, మళ్ళీ తిప్పాను, మళ్ళీ అదే సందు.

అయ్యో, ఇది అరుగుదల, డ్రాయింగు లేదని సాహాల యార్డు వాళ్ళు క్రేను పాత గేరునే స్కాన్ చేసి పంపారు కదా, ఏళ్ళ తరబడి బరువులెత్తి ఎత్తి తరిగిపోయిన చెంపను నేను నున్నగా దిద్ది అచ్చుగుద్దినట్టు కొత్త ఉక్కులోకి దింపాను, నా పనితనం మండిపోను, అదీ బరువు పడే వైపే, పన్ను విరిగితే ఎత్తింది కింద పడ్డట్టే, ఆ గేరు మీద ఇవాళే మొదటి బరువు, మొన్న విశ్వకర్మ పూజకు ఆ క్రేనుకు బంతిపూల దండ వేసింది మా నాన్నే, అప్పలసూరి, అక్కడి కళాసీ, కొక్కేనికి గొలుసు తగిలించేది ఆయనే, ఫోను తియ్యి నాన్నా, తియ్యి.

ఏటమ్మా, ఇప్పుడే ఎత్తుతన్నారు, నాన్నా నువ్వు ఇవతలికి రా, ఏటయింది, నాకు ఒంట్లో బాగోలేదు, మీయమ్మకి సెప్పు గుంటా, సాయంత్రం డాక్టరు కాడికి ఎల్దాం, ఇక్కడ పాత క్రేనని అందరూ దూరంగా నించున్నారు, నానే ముందొచ్చి కొక్కెం కింద నించున్నాను, గేరు మా పిల్ల గీసింది, ఏటీ అవదని సెప్పాను, ఈ బెంగాలీ దాదాలందరూ సూత్తన్నారు, ఇప్పుడెలా కదల్మంటావు, అంటూ నవ్వుతున్నాడు, నవ్వు వెనక గొలుసు బిగుసుకుంటున్న చప్పుడు, కీ హోలో మంగా, ఏమైందంటూ సంజయ్‌దా లేచాడు, ఆఫీసంతా ఇటే చూస్తోంది, నాకు జ్వరమన్నా అమ్మ పడిపోయిందన్నా ఈయన బరువు దించాకే వస్తాడు, ఈయన నమ్మింది గేరును కాదు, నన్ను, ఆ నమ్మకం నేనే విరగ్గొడితే తప్ప ఆ కాళ్ళు కదలవు, నాన్నా, నేను గీసింది తప్పు.