ఎదురు దారం

కొల్లేటి గట్టు మీద పొద్దున్నే మంచు పట్టిందంటే నీరేదో ఆకాశమేదో తెలిసి చావదు. గూడబాతులు ఈదుతున్నాయో, గాల్లో తేలుతున్నాయో. ఆ తెలుపులో కూచుని వెంకటదుర్గ ఒళ్లో కాగితాలు పరుచుకుంది.

చేపల్ని చంపే బాక్టీరియా ఉంది. ఆ బాక్టీరియాని చంపే వైరస్‌లూ ఈ నీళ్లలోనే ఉన్నాయి. పెదపాడు చెరువులో ఒకటి, కొల్లేట్లో ఒకటి పట్టింది దుర్గ. వాటి ఆర్‌ఎన్‌ఏ అంటే ఏ, యూ, జీ, సీ అనే నాలుగు అక్షరాలు గుచ్చిన పోగు. రెండింటి ఆర్‌ఎన్‌ఏ పోగూ ఒకేచోట వెనక్కి తిరిగి, తనకి తనే జతపడి, జడపిన్నులా మడతపడుతుందని ఆమె నమ్మకం. మూడేళ్ల నమ్మకం. "రెండింటి అక్షరాలూ కలవట్లేదు. రేపు మధ్యాహ్నంలోగా రుజువు చూపించు, లేదా థీసిస్‌లో ఆ అధ్యాయం తీసెయ్" అని తాడేపల్లిగూడెం ల్యాబ్‌లో గైడ్ సూర్యకుమారి మేడమ్ నిన్ననే తేల్చేసింది. నీళ్లలో కాలు పెట్టనివాళ్లకి తీసెయ్యమనడం ఎంత తేలిక!

పక్కన తల్లి పెద్దింటమ్మ నూలు వల బాగుచేస్తోంది. ఆ ఊళ్లో ఇంకా నూలు వల వాడేది ఆమె ఒక్కతే. ఊరికే ఉండలేక దుర్గ తెగిన వల కన్ను ఒకటి పట్టుకుని, నైలాను దారంతో ముడేసింది.

"ఒసే చదువుకున్నదానా! నూలుకి నైలాను కడతావేంటే? జారిపోద్ది."

"తెగింది ఒక దారమే కదమ్మా."

"ముడి రెండింటిదీ కదే! ఇటు మారిస్తే ఎదురుదీ మార్చాల. మా అమ్మ జనపనారతో అల్లింది, నేను నూలుతో. కన్ను మాత్రం అదే కన్ను. చేపకి దారంతో పనేంటి?"

దుర్గ చేతిలో ముడి మెల్లగా జారి విడిపోయింది. మంచులో ఎక్కడో ఒక పొడుగాటి పోగు వంగి, తన ఎదురు పోగుని వెతుక్కుంటున్నట్టు అనిపించింది. దుర్గ రెండు వైరస్‌ల అక్షరాల వరసలున్న కాగితం మీదికి వంగింది. పెదపాడు వైరస్‌లో ‘ఏ’ అక్షరం ఉన్నచోట కొల్లేటిదాంట్లో ‘జీ’. దానికి ఎదురుగా, పెదపాడుదాంట్లో ‘యూ’, కొల్లేటిదాంట్లో ‘సీ’. ‘ఏ’ పట్టుకునేది ‘యూ’ని, ‘జీ’ పట్టుకునేది ‘సీ’ని. ఒకటి మారితే ఎదురుదీ మారింది! వేలుపెట్టి లెక్కపెట్టింది. ఏడు.

మేడమ్‌కి ఫోన్ చేసింది.

"తీసేశావా దుర్గా?"

"లేదండీ. అక్షరాలు కలవవండీ. జతలు నిలిచాయండీ. ఏడు చోట్ల మారాయి, ఏడు చోట్లా ఎదురుదీ మారింది. మడత చెడలేదండీ."

ఆ ఏడు జతల్నీ మేడమ్ మరోసారి చెప్పించుకుంది.

"పేజీ పంపించు. అధ్యాయం ఉండనీ."

పెద్దింటమ్మ సూది ఆపకుండానే అంది: "నీకు ముడెయ్యడం మాత్రం రాదని చెప్పు ఆవిడకి."